పిన్ని గురించి కాని సినిమా

జూన్ 9

పిన్నీ,

ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. నేను "గది మారాను" అంటే నువ్వు "గొడుగు పారేశావా, అజాగ్రత్త మనిషివి" అన్నావు. మళ్ళీ మళ్ళీ గట్టిగా చెప్పాను. చివరికి పక్క గదివాళ్ళు తలుపు తీసి చూశారు. నువ్వేమో "కొత్తది కొనుక్కో, వానలొస్తున్నాయి" అని పెట్టేశావు. అందుకే ఇక నుంచి ఉత్తరాలే. ప్రెస్సులో మిషన్ల పక్కన అన్నేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషితో ఫోనులో కబుర్లు చెప్పాలనుకోవడం నాదే బుద్ధితక్కువ.

గది సంగతి. కింద పంచర్లు వేసే షాపు, పైన నేను. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. ఆ గోడ మీద ఎవరో సున్నం వేయడం మొదలుపెట్టి సగంలో మానేశారు. పొద్దున టీ తాగుతూ ఆ సగం గోడనే చూస్తుంటాను. నాలుగు గోడల్లో నాకు తోడు ఐదో గోడ.

పని సంగతి. ఇంకా సీరియల్లోనే, అసిస్టెంటుగానే. ఇవాళ తీసిన సీన్లో హీరోయిన్ జుట్టు ఏ భుజం మీద ఉందో, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో రేపటి సీనుకి గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఎవరూ నా పేరు పెట్టి పిలవరు. "నీళ్ళ గ్లాసమ్మాయ్" అంటారు. పిలవనీ.

అసలు సంగతి ఇప్పుడు. కొత్తవాళ్ళతో చిన్న సినిమాలు తీయించే సంస్థ ఒకటి ఉందని చెప్పాను కదా, వాళ్ళు నా కథకి సరే అన్నారు. అరగంట సినిమా. నాది. డైరెక్టర్ అని నా పేరే వేస్తారు. ఒప్పుకున్నారని తెలిసిన రోజు రోడ్డు మీద నిలబడి ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. నీకు తప్ప ఎవరికీ చెప్పాలనిపించలేదు. నీకేమో గొడుగు వినపడింది.

కథ ఈ కవర్లోనే పెట్టాను. ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే ఒక ఆవిడ, ఒంటరిగా ఉంటుంది. ముఖానికి నటి దొరుకుతుంది. చేతులకి మాత్రం నువ్వు రావాలి. అచ్చయిన కాగితాన్ని నువ్వు బొటనవేలితో ఒక్క గీత గీసినట్టు మడుస్తావు చూడు, అది ఇంకెవరికీ రాదు. ఆగస్టు చివర్లో షూటింగ్. వారం రోజులు సెలవు పెట్టు.

నీ
పిచ్చుక

*

జూన్ 20

పిచ్చుకకి,

ఉత్తరం అందింది. గొడుగు భద్రంగా ఉందన్నమాట. సంతోషం.

నీ పేరు తెర మీద పడుతుందని మీ అమ్మ ఫోటో దగ్గర నిలబడి పైకే చెప్పాను. అది బతికున్నప్పుడు నా మాట ఎన్నడూ వినలేదు, ఇప్పుడైనా విని ఉంటుంది.

కథ రెండుసార్లు చదివాను. ఆవిడ పొద్దున లేచి కిటికీ దగ్గర నిలబడుతుంది. పనికి వెళ్ళొచ్చి మళ్ళీ కిటికీ దగ్గర నిలబడుతుంది. మధ్యలో వంట ఎప్పుడు చేసుకుంటుందే? బట్టలు ఎవరు ఉతుకుతారు? టీవీ శబ్దం లేకుండా పెట్టుకుని మనుషుల పెదాలు చూస్తూ కూర్చుంటుందని రాశావు. అది నన్ను చూసే రాశావని తెలుస్తూనే ఉంది. నేను అలా చూసేది దిగులుతో కాదు, పెట్టినా వినపడదు కనక. కరెంటు వాళ్ళకి తప్ప ఎవరికీ లాభం లేదు కదా అని.

సరే, కథలంటే నీకు తెలుస్తుంది. నేను వస్తాను. ఈ చేతులని ఫోటో తీస్తామన్నవాళ్ళు ఇదివరకు ఎవరూ లేరు.

నా దగ్గరా ఒక కబురుంది. చెవికి మిషన్ పెట్టించుకున్నాను. ప్రెస్సులో కొత్త సూపర్‌వైజర్ చెప్పింది ఒకటి, నేను చేసింది ఒకటి అయ్యి, ఒక పుస్తకంలో పేజీలన్నీ తారుమారయ్యాయి. ఇక లాభం లేదని బజారులో చెవి మిషన్లు అమ్మే షాపుకి వెళ్ళాను. షాపాయన చాలా ఓపిక మనిషి. ఒక్కో చప్పుడు వినిపించి చెయ్యెత్తమన్నాడు. మిషన్ పెట్టుకుని బయటికొస్తే మొట్టమొదట వినపడింది నా చెప్పుల చప్పుడు. ఎవరో వెనకాల పడ్డారనుకుని రెండుసార్లు ఆగి తిరిగి చూశాను.

ఇంట్లో కుళాయి కారుతోందని ఇన్నాళ్ళకి తెలిసింది. తలుపుకి ఇంత కిర్రు ఉందని ఎవరూ చెప్పలేదే. నువ్వు కూడా చెప్పలేదు.

వారం వారం వచ్చి సర్దించుకోమన్నాడు షాపాయన. వెళ్తున్నాను. ఫోను దగ్గర పెడితే మాత్రం ఇది ఈల వేస్తుంది, కాబట్టి ఉత్తరాలు మానకు.

పిన్ని

*

జూలై 4

పిన్నీ,

నువ్వు మిషన్ పెట్టించుకోవడం మంచిదే. నేనెన్నాళ్ళ నుంచో పోరుతున్నదే. కానీ వారం వారం రమ్మనడమేంటి? కళ్ళజోడు కొంటే వారం వారం రమ్మంటారా? మా మేకప్ మ్యాన్ వాళ్ళ నాన్నకి ఇలాగే ఒకడు మోకాళ్ళకి ఏదో పట్టీ అంటగట్టి ఏడాది పొడుగునా తిప్పుకున్నాడట. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు కనపడితే చాలు, మాటలు తియ్యగా చెబుతారు. ఇంకోసారి రమ్మంటే ఏం సర్దాలో అడుగు. నువ్వు మొహమాటపడే మనిషివి, అదే నా భయం.

కథ గురించి నువ్వు రాసింది నేను తప్పుగా తీసుకోలేదు. కానీ ఆవిడ నువ్వు కాదు పిన్నీ. నీ దగ్గర్నుంచి కొన్ని తీసుకున్నానంతే. వంట చూపించొచ్చు, కానీ వంట చూపిస్తే జనం వంట చూస్తారు, మనిషిని చూడరు. సినిమాల్లో నాకు ఇష్టమైనది ఏంటో తెలుసా? ఒక మనిషి తాళం తీసి ఇంట్లోకి వచ్చి, లైటు వేసే ముందు ఒక్క క్షణం చీకట్లో నిలబడుతుంది చూడు, అది. ఇల్లు ఖాళీగా ఉందని ఆవిడకి ముందే తెలుసు, అయినా ఒకసారి చూసుకుంటుంది. అక్కడ మాటలుండవు, పాటలుండవు. అది సరిగ్గా తియ్యగలిగితే చాలు నాకు.

మొన్న ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాను. హాల్లో పదిమంది కూడా లేరు. ఇంటర్వెల్లో టీ కొనుక్కుని, గోడ మీద పోస్టర్లన్నీ చదివాను, కింద అచ్చేసిన ప్రెస్సు పేరుతో సహా. ఎవరైనా చూస్తే ఈ అమ్మాయికి పోస్టర్లతో ఏదో పని ఉందనుకోవాలని. సినిమా బాగుంది. బయటికొచ్చాక బాగుందని చెప్పడానికి ఎవరూ లేక, బస్సులో కండక్టర్ చిల్లర ఇస్తే "చాలా బాగుందండీ" అన్నాను. ఆయన చిల్లర మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ఆగస్టు ఇరవై ఆరున షూటింగ్ మొదలు. టికెట్ నేనే తీసి పంపిస్తాను. గోళ్ళు కత్తిరించకు.

పిచ్చుక

*

జూలై 18

పిచ్చుకకి,

గోళ్ళుంటే కాగితం చిరుగుతుందే. చేతులు కావాలంటే ఉన్నవి ఉన్నట్టు తీసుకో.

షాపాయన గురించి నువ్వు అనుకుంటున్నట్టు ఏం లేదు. మొదటిసారి తప్ప ఒక్క పైసా అడగలేదు. అనవసరంగా ఒకరిని అనకు.

నీకొక తమాషా చెప్పాలి. మనం నీ చిన్నప్పుడు మళ్ళీ మళ్ళీ చూసిన పాత సినిమా, స్టేషన్‌లో తండ్రి కూతుర్ని రైలెక్కించేది, ఇక్కడ మళ్ళీ వేశారు. జనంలో మిషన్ ఎలా పనిచేస్తుందో చూడాలి, సినిమాకి వెళ్ళిరండి అన్నాడు షాపాయన. సినిమాకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో, ఒక్కదాన్నే ఎలా వెళ్ళను అన్నాను. అయితే నేనూ వస్తానన్నాడు. వెళ్ళాం.

నీకు గుర్తుందా, నా కుడిచెవి దగ్గర నోరు పెట్టి తెర మీద వాళ్ళు ఏమంటున్నారో నువ్వు చెబుతూ ఉండేదానివి. రైలు కదిలేటప్పుడు తండ్రి ఏదో అంటాడు, "నువ్వు తిరిగొచ్చేదాకా ఈ ఇంట్లో నీ మంచం మీద ఎవరినీ పడుకోనివ్వను" అన్నాడని చెప్పావు నువ్వు. ఆ మాటకి నేను ఎన్నిసార్లు ఏడ్చానో. ఇప్పుడు చెవులారా విన్నాను కదా. అతను అన్నది "పెట్టె జాగ్రత్త" అని. అంతే! మంచం లేదు, ఏమీ లేదు. హాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. షాపాయన మిషన్ పాడయిందేమో అని కంగారుపడ్డాడు. బయటికొచ్చాక అంతా చెప్పాను. ఆయన "అమ్మాయి చెప్పిందే బాగుందండీ" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. నువ్వు సినిమాలు తీయడం ఎప్పుడు మొదలుపెట్టావని ఎవరైనా అడిగితే ఇది చెప్పు.

ఆయన భార్య పోయి చాలా కాలమైందట. పిల్లల్లేరు. షాపు పైనే రెండు గదుల్లో ఉంటాడు.

నీతో ఒక మాట చెప్పాలి. కాగితం మీద రాసేది కాదు. వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెబుతాను. ఇంట్లో కవర్లు అయిపోయాయి, షాపు కవర్లో పెట్టి పంపుతున్నా.

పిన్ని

*

ఆగస్టు 2

పిన్నీ,

నీ ఉత్తరం చదివి నాకు పని మీద మనసు నిలవలేదు. కాగితం మీద రాయలేని మాట ఏంటి? నువ్వు అలాంటి మాట ఇదివరకు ఒక్కసారే అన్నావు, అమ్మని ఆస్పత్రిలో చేర్పించినప్పుడు. ఒంట్లో బాగాలేదా? చెవిలో ఇంకేదైనా తేలిందా? లేకపోతే ఆ షాపాయన దేనికైనా సంతకం పెట్టించుకున్నాడా? ఫోను చేస్తే ఈల తప్ప ఏమీ వినపడదు. ఆలోచించి ఆలోచించి ఒక పని చేశాను. కోప్పడకు.

నీ కవరు మీద షాపు అడ్రసు ఉంది కదా. ఆయనకి ఉత్తరం రాశాను. గట్టిగానే రాశాను. వారం వారం తిప్పుకోవడం, సినిమాలకి తీసుకెళ్ళడం ఎక్కడి వ్యాపారం అని అడిగాను. ఒంటరి ఆడమనిషి, వెనకాల అడిగేవాళ్ళు ఎవరూ లేరనుకున్నారేమో, నేనున్నాను అని రాశాను. ఇక ఆయన నీ జోలికి రాడు.

టికెట్ ఇందులో పెట్టాను. ఇక్కడికొచ్చాక మంచి డాక్టర్‌కి చూపిస్తాను. ఆ మాటేదో అప్పుడు చెబుదువుగాని. భయపడకు. నేనున్నాను కదా.

పిచ్చుక

*

ఆగస్టు 12

పిచ్చుకకి,

టికెట్ వెనక్కి పంపిస్తున్నాను. నేను రావడం లేదు.

నీ ఉత్తరం ఆయనకి చేరింది. పైకి చదవలేదు, నా చేతికిచ్చారు. నేను చదివినంతసేపు షాపు అద్దాలు తుడుస్తూ నిలబడ్డారు. చదవడం అయ్యాక, "ఇక సర్దాల్సిందేమీ లేదండీ, మిషన్ బాగానే పనిచేస్తోంది, మీరు రానవసరం లేదు" అన్నారు. నీ మీద ఒక్క మాట అనలేదు. అమ్మాయికి ఇష్టం లేని పని ఏదీ వద్దన్నారు.

నాకు ఒంట్లో బాగానే ఉంది. నేను చెప్పాలనుకున్న మాట ఏంటో నువ్వు ఇప్పుడైనా ఊహించుకోగలవు. సినిమాలు తీసేదానివి కదా.

నీ కథ కూడా తిప్పి పంపుతున్నా. ఇందులో ఉన్నావిడ దగ్గరికి ఎవరూ రారు, ఆవిడ ఎవరి దగ్గరికీ పోదు. నేనలాగే ఉంటానని, అలాగే ఉండాలని నువ్వు అనుకున్నావు. నా చేతులు తీసుకెళ్ళి ఆవిడకి అతికించకు.

పిన్ని

*

సెప్టెంబర్ 6

పిన్నీ,

ఈ ఉత్తరం ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ఏం రాసినా సీరియల్ డైలాగులా ఉంది. నన్ను క్షమించు. నాకు తట్టనే లేదు. రోగం తట్టింది, మోసం తట్టింది, అది తట్టలేదు. నీకు అలాంటిది జరగొచ్చని నా బుర్రకి ఎందుకు రాలేదో నాకే సిగ్గుగా ఉంది.

షూటింగ్ అయిపోయింది. మొదటి రోజే తిప్పలు. మాట్లాడుకున్న ఇంటివాళ్ళు పొద్దున్నే కుదరదన్నారు. వేరే దారి లేక అందరినీ నా గదికే తీసుకొచ్చాను. కెమెరా పెడితే మనిషి పట్టడు, మనిషి నిలబడితే లైటు పట్టదు. నా మంచం, నా బక్కెట్టు, నా టీ గ్లాసు, అన్నీ ఆవిడవయ్యాయి. ఏమీ మార్చాల్సిన పని లేకుండా సరిపోయాయి. కిటికీ దగ్గర నిలబెట్టాను. బయట ఆ సగం సున్నం గోడ. కెమెరామ్యాన్ "భలే దొరికింది గోడ" అన్నాడు.

నటి మంచి ఆవిడ, నీ వయసుంటుంది. షాట్ మధ్యలో నన్ను అడిగింది: "ఈవిడకి ఎవరూ ఎందుకు లేరమ్మా?"

ఉన్నారు, దూరంగా ఉన్నారు అన్నాను.

"మరి వెళ్ళదేం?"

పనుంది అన్నాను. ఆవిడ గదంతా ఒకసారి చూసింది. ఆ తర్వాత షాట్లో చాలా బాగా చేసింది. నేను కట్ చెప్పడం మర్చిపోయాను.

చేతుల షాట్లు తియ్యలేదు. ప్రెస్సు సీన్లన్నీ తీసేశాను. ఇప్పుడు ఆవిడ ఏ పనికి వెళ్తుందో సినిమాలో తెలీదు. ఆవిడ నువ్వు కాదని నేను ముందే రాశాను. అప్పుడు అబద్ధమే రాశాను, ఇప్పుడు నిజమైంది.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

పిచ్చుక

*

సెప్టెంబర్ 29

పిన్నీ,

జవాబు లేదు. నిన్న ఉండబట్టలేక ఫోను చేశాను. ఎవరో మగ గొంతు "హలో" అంది. "సారీ, రాంగ్ నంబర్" అని పెట్టేశాను. మళ్ళీ చేయడానికి ధైర్యం చాల్లేదు. మళ్ళీ చేస్తే నువ్వే ఎత్తుతావు, ఎత్తి నా గొంతు విని పెట్టేస్తావు అనిపించింది.

ఎడిటింగ్ జరుగుతోంది. కిటికీలు లేని చిన్న గది, ఎడిటర్, నేను. ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటాడు. ఏదైనా చెప్పాలంటే భుజం తట్టాలి. నీతో ఉన్నట్టే ఉంటుంది కొన్నిసార్లు.

వచ్చే నెల పద్దెనిమిదిన సినిమా వేస్తున్నారు. చిన్న హాలు. నీకు సీటు పెట్టించాను. రాకపోయినా ఖాళీగానే ఉంచుతాను.

పిచ్చుక

*

అక్టోబర్ 14

పిచ్చుకకి,

ఫోను ఎత్తింది ఆయనే. "అమ్మాయి గొంతులా ఉంది, పెట్టేసింది" అని నాతో అన్నారు. నీ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు కదా, ఎలా తెలుసన్నాను. మీరు చెప్పిందాన్ని బట్టి అన్నారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ మీద కోపంతో నెల్లాళ్ళు షాపు వైపు వెళ్ళలేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుంటే కుళాయి, తలుపు, పైవాళ్ళ కుర్చీలు. తీసేస్తే అదీ లేదు. ఒకరోజు మధ్యాహ్నం సెలవడిగి నేరుగా షాపుకి వెళ్ళాను. ఇద్దరు ముగ్గురు జనం ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా కూర్చున్నాను. తర్వాత చెవిలోంచి మిషన్ తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"ఇది మీరే ఉంచుకోండి. ఇది పెట్టుకున్నాక నేను విన్నవాటిలో వినాలనిపించింది మీ మాటలే. అవి లేనప్పుడు ఇదెందుకు నాకు?"

ఇంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలీదు. చెవిలో మిషన్ లేదు కదా, నా మాట నాకే సరిగ్గా వినపడలేదు, అందుకే అనగలిగాననుకుంటా. ఆయన ఏదో అన్నారు. పెదాలు కదిలాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. వినపడలేదని చెవి చూపించాను. ఆయన మిషన్ తీసి, తుడిచి, ఆయన చేత్తోనే నా చెవికి పెట్టారు. పెట్టి మళ్ళీ అన్నారు. ఏమన్నారో రాయను. అది నాకే ఉండనీ.

పోయిన గురువారం రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. ప్రెస్సు నుంచి ఇద్దరొచ్చి సంతకాలు పెట్టారు. ఇప్పుడు షాపు పైన ఉంటున్నాను. పాత ఇంటి సామాన్లు సర్దడం, ఖాళీ చేయడం, దానితో నీ ఉత్తరాలకి జవాబు ఆలస్యమైంది. కోపం కొంత, పని కొంత.

నిన్ను పిలవలేదు. నువ్వు బాధపడతావని తెలుసు. పిలవాలని ఆయన రెండుసార్లు అన్నారు. నేనే వద్దన్నాను. నువ్వొచ్చి ఒక మూల నిలబడి నన్ను చూస్తుంటే, నేను మళ్ళీ నీ కథలో మనిషినైపోతానేమో అని భయం వేసింది. ఆ ఒక్క రోజు ఎవరూ చూడకుండా ఉండాలనుకున్నాను. తప్పైతే తప్పే.

పద్దెనిమిదికి రాలేను, ప్రెస్సులో సెలవు అయిపోయింది. సినిమా బాగా ఆడాలి. బాగా తిను.

పిన్ని

*

అక్టోబర్ 22

పిన్నీ,

నీ ఉత్తరం సినిమా రోజు పొద్దునే వచ్చింది. మెట్ల మీదే చదివాను. కోపం వచ్చింది. నన్ను పెంచిన మనిషివి నువ్వు, నీ పెళ్ళికి నన్నే పిలవలేదు. గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, నీకు ఒక పొడుగాటి ఉత్తరం రాసి చింపేశాను. చేసిన పనికి నాకు ఇలాగే జరగాలి అని నన్ను నేనూ ఒకసారి తిట్టుకున్నాను.

హాల్లో సగం సీట్లు నిండాయి. నీకు పెట్టిన సీట్లో ఎవరో బ్యాగు పెట్టుకున్నారు. చూసినవాళ్ళు బాగుందన్నారు. సంస్థ పెద్దావిడ నా దగ్గరికొచ్చి, ఒంటరి ముసలితనం గురించి ఇంత చిన్న వయసులో ఎలా తెలిసిందమ్మా అని అడిగింది. ఆవిడ ముసలిది కాదండీ అన్నాను. మరి ఎవరు అంది. అందరూ వెళ్ళాక హాలు ఊడ్చే ఆయన కుర్చీలు మడుస్తుంటే నేనూ కాసేపు మడిచాను.

మర్నాడు ఎడిటింగ్ గదికి వెళ్ళాను, సామాన్లు తెచ్చుకోవడానికి. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. ఎడిటర్ భుజం తట్టి, "మా పిన్నికి పెళ్ళైంది" అన్నాను. ఆయన హెడ్‌ఫోన్ తీసి ఏంటన్నాడు. మళ్ళీ చెప్పాను.

"మరి నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

ఆయన మామూలుగానే అడిగాడు, మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. షూటింగ్‌లో నటి కూడా ఇదే అడిగింది. అప్పుడు పనుందని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కూడా చెప్పడానికి లేదు, సినిమా అయిపోయింది, సీరియల్ వాళ్ళు వచ్చే నెలదాకా పిలవరు.

పిలవకపోయినా వస్తున్నాను. ఆదివారం సాయంత్రం రైలు. కెమెరా తేవడం లేదు. సినిమా కూడా తేను, నువ్వు చూడాలనుకున్నప్పుడు చూద్దువుగాని. రెండు గదుల్లో నాకు చోటు లేకపోతే షాపులో బల్ల మీద పడుకుంటాను. నేను చేసిన దానికి ఆయన ముందు కూర్చుని క్షమించమని అడుగుతాను. ఉత్తరం రాయను, ఒకసారి రాసిందే చాలు.

ఎడిటింగ్ గది నుంచి వచ్చాక ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇవాళ పాలు కొంటూ రెండు ముక్కలు మాట్లాడితే నా గొంతు నాకే బొంగురుగా వినపడింది. అక్కడికొచ్చాక ఆపకుండా మాట్లాడతానేమో. ఏమీ అనుకోవద్దని బాబాయ్‌కి ముందే చెప్పి ఉంచు.

పిచ్చుక